కుక్కపిల్లలకు మైక్రోచిప్: ఆరు వారాలకే వేయించొచ్చా?

కాకినాడ_కాజా
సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారమండి. మా గౌరి పిల్లల్ని పెట్టి రేపటికి ఆరు వారాలు. మొత్తం అయిదు. గౌరి స్పిట్జ్. మా వీధిలో అందరూ పమేరియన్ అనే అంటారు, సరిదిద్దడం నేనూ మానేశాను.

పిల్లల్లో రెండు చెన్నైలో ఉన్న మా తమ్ముడికి. అక్కడ కార్పొరేషన్ లైసెన్స్‌కి మైక్రోచిప్ కావాలట, "అక్కా, నువ్వే వేయించి పంపెయ్" అన్నాడు. సరే కదా అని ఇక్కడ ఒక క్లినిక్‌లో అడిగితే, "అయిదింటినీ బుట్టలో పెట్టుకుని రేపే తెచ్చేయండి, పది నిమిషాల పని" అన్నారు. సూది కూడా చూపించారు. నాకు అక్కడే కళ్లు తిరిగాయి. మా నాన్న గోనెసంచులు కుట్టే దబ్బనం గుర్తొచ్చిందండి.

అన్నిటికంటే చిన్నదాన్ని పిడికెడు అని పిలుస్తున్నాం. కూరగాయల కాటా మీద పెడితే 850 గ్రాములు తూగింది. మిగతావి కిలో పైమాటే. ఇంత పసివాటికి అంత లావు సూది వేయొచ్చా? ఎన్ని వారాలు నిండితే మంచిది? రేపు వెళ్లాలా, వద్దా? టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

తింగరి_టామీ
సోమవారం, రాత్రి 9:52

చిప్ వేయిస్తే కుక్క ఎక్కడుందో ఫోన్‌లో కనిపిస్తుందా? మా టామీ రోజూ సాయంత్రం ఎవరింట్లో బిర్యానీ తిని వస్తున్నాడో తెలుసుకోవాలి. ఛార్జింగ్ ఎన్నాళ్లకోసారి పెట్టాలి?

బీవీఎస్సీ_బాబాయ్
సోమవారం, రాత్రి 10:35

కాజా గారూ, రేపు వెళ్లకండి. కొంపలు మునిగే పనేం కాదిది. ఇరవై ఏళ్లుగా పశువుల ఆస్పత్రిలో ఉన్నాను, చిప్‌లు వేస్తున్నాను కాబట్టి వివరంగా చెప్తాను.

ముందు టామీ వాళ్లాయనకి. చిప్‌లో జీపీఎస్ లేదు, బ్యాటరీ లేదు. గాజు గొట్టంలో ఒక చిన్న తీగచుట్ట, ఒక నంబరు, అంతే. రీడర్ అని చిప్‌ని చదివే చేతి యంత్రం ఉంటుంది, అది దగ్గరికి తెస్తే దాని రేడియో తరంగాలతోనే క్షణంపాటు మేలుకుని తన 15 అంకెలు చెప్పి మళ్లీ పడుకుంటుంది. కుక్క బతికినన్నాళ్లూ పనిచేస్తుంది. బిర్యానీ సంగతి మాత్రం మీరే వెంటపడి కనుక్కోవాలి.

ఇప్పుడు సూది. మామూలు చిప్ 12 మిల్లీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల మందం, అంటే కాస్త బొద్దుగా ఉన్న బియ్యపుగింజ. అది దూరాలి కాబట్టి సూది లావుగా ఉండక తప్పదు. మినీ చిప్ అని ఇంకోటి ఉంది, 8 మిల్లీమీటర్ల పొడవు, 1.4 మందం. దాని సూది బాగా సన్నం. చిన్న జాతులకీ పసివాటికీ నేను అదే వాడతాను. మీ క్లినిక్‌లో లేకపోతే తెప్పించమని అడగండి, మొహమాటం వద్దు.

వయసు విషయానికొస్తే, ఇన్నో రోజు దాటితేనే వేయాలని ప్రకృతి గీసిన గీతేం లేదు. పాలు మాని, గట్టి తిండి తింటూ, బరువు పెరుగుతూ, ఒంట్లో నలత లేని పిల్లకి 8 వారాల తర్వాత నిశ్చింతగా వేయొచ్చు. విరేచనాలు అవుతున్నా, కడుపులో నులిపురుగులకి మందు వేయకపోయినా, డల్‌గా ఉన్నా వాయిదా వేస్తాను. క్యాలెండర్ కంటే కాటా ముఖ్యం.

నేను చేసే పద్ధతి ఇది. పిల్లకి కాస్త తినిపించి తీసుకురమ్మంటాను. ఇంజెక్షన్ అనగానే ఖాళీ కడుపుతో తెస్తారు కొందరు. ఆకలి, ప్రయాణం, భయం కలిస్తే చిన్న జాతి పిల్లల్లో రక్తంలో చక్కెర ఇట్టే పడిపోతుంది, అది సూది కంటే పెద్ద ప్రమాదం. తర్వాత ప్యాకెట్ విప్పకముందే చిప్‌ని రీడర్‌తో చదివి, స్టిక్కర్ మీది అంకెలతో పోలుస్తాను. పిల్ల ఒంటి మీదా ఒకసారి రీడర్ తిప్పుతాను. ఇంట్లో పుట్టినదానికి ఎందుకులే అనుకోవచ్చు, కానీ అయిదు తెల్ల స్పిట్జ్ పిల్లలు ఒకే బుట్టలో ఉన్నప్పుడు ఒకదానికే రెండుసార్లు వేసేయడం ఎంతసేపు?

ఇక పట్టుకోవడం. సగం భద్రత అక్కడే ఉంది. వేసేది ఒకరు, పట్టుకునేది ఇంకొకరు. యజమానిని పట్టుకోమని నేను చెప్పను, పిల్ల కుయ్యిమనగానే చెయ్యి వదిలేస్తారు. తల్లి కరిచి పట్టుకుని మోసే చోటు ఉంటుంది చూడండి, రెండు భుజాల ఎముకల మధ్య, అక్కడి చర్మాన్ని గుడారంలా పైకెత్తి, సూదిని వాలుగా ఆ గుడారంలోకి పంపాలి. నిటారుగా కిందికి గుచ్చకూడదు. చిప్ చర్మానికీ కండకీ మధ్య పడాలి. సూది బయటికి తీశాక రంధ్రాన్ని వేలితో అరనిమిషం అదిమి ఉంచుతాను, రుద్దను. మళ్లీ రీడర్‌తో చదువుతాను. నంబరు పలికితేనే పని అయినట్టు.

నొప్పి ఉంటుంది, లేదని అబద్ధం చెప్పను. ఒక్క అరుపు. తర్వాత చేతిలో కాస్త పెరుగన్నం పెడితే మర్చిపోతాయి.

లీసెస్టర్_లక్ష్మి
మంగళవారం, తెల్లవారుజామున 2:15

మాకు ఇక్కడ ఇంకా రాత్రి పది కాలేదు, అందుకే ఈ వేళకి రాస్తున్నా.

ఇంగ్లండ్‌లో 2016 ఏప్రిల్ 6 నుంచి కుక్కలకి చిప్ చట్టం. 8 వారాలు నిండేలోపే వేసి, డేటాబేస్‌లో నమోదు చేయాలి. వేయించాల్సింది కొనుక్కునేవాళ్లు కాదు, పిల్లల్ని పెంచి అమ్మేవాళ్లు. మొదటి యజమానిగా వాళ్ల పేరే ఉండాలి. మేం కావపూ జాతి కుక్కపిల్లని తొమ్మిది వారాలప్పుడు తెచ్చుకున్నాం, అప్పటికే చిప్ ఉంది. మేం చేసిందల్లా పేరు మార్పించుకోవడమే. ఆరోగ్యం బాగాలేని పిల్ల అయితే వెట్ రాసిస్తే గడువు పెంచుతారు. అంటే మన పిడికెడు ఇక్కడ పుట్టినా దానికి మినహాయింపు దొరికేదేమో.

ఇంకో మాట. శిక్షణ తీసుకున్నవాళ్లు తప్ప ఎవరు పడితే వాళ్లు వేయకూడదు ఇక్కడ. ఇండియాలో పెట్ షాపు కుర్రాడు వేస్తుంటే వీడియో తీసి పెట్టారు ఎవరో, చూసి గుండె ఆగిపోయింది.

నాటుకుక్క_నాన్న
మంగళవారం, ఉదయం 7:20

ఇంట్లో ఉండే కుక్కకి ఇవన్నీ అవసరమా అండీ? మా తాతల కాలం నుంచి కుక్కలున్నాయి మాకు. పిలిస్తే వస్తాయి, పిలవకపోయినా వస్తాయి. పైగా చిప్ వల్ల క్యాన్సర్ వస్తుందని వాట్సాప్‌లో వచ్చింది.

బీవీఎస్సీ_బాబాయ్
మంగళవారం, ఉదయం 7:48

ఆ వాట్సాప్ మెసేజ్‌కి మూలం ప్రయోగశాల ఎలుకలు. వాటిల్లో కొన్నిటికి చిప్ చుట్టూ గడ్డలు కనిపించిన మాట నిజమే. కుక్కల్లో మాత్రం అలాంటివి బహు అరుదు, ప్రపంచమంతా ఇన్ని లక్షల కుక్కలకి వేశాక కూడా. ఎలుక ఒంటికీ బియ్యపుగింజ సైజు చిప్‌కీ ఉన్న నిష్పత్తి కూడా ఒకసారి ఊహించుకోండి.

అవసరమా అంటే, మీ కుక్క మీ వీధి దాటనంతవరకూ అవసరం రాకపోవచ్చు. దీపావళి రాత్రి టపాకాయల మోతకి గొలుసు తెంపుకుని పారిపోయిన కుక్కల్ని అడగండి.

గచ్చిబౌలి_గజం
మంగళవారం, ఉదయం 11:05

సేఫ్టీ గురించి డాక్టర్ గారు చెప్పేశారు. నేను చెప్పేది వరస గురించి. దీనివల్ల మాకు నాలుగు నెలలు పోయాయి.

మా బీగిల్‌ని జర్మనీ తీసుకెళ్లాలి. అన్నీ పక్కాగా ఉన్నాయనుకున్నాం. మార్చి 3న రేబిస్ టీకా, మార్చి 19న చిప్. కాగితాలు చూసిన ఏజెంట్ తల పట్టుకున్నాడు. యూరప్ లెక్కలో చిప్ తర్వాతో, అదే రోజో వేసిన రేబిస్ టీకానే టీకా. అంతకు ముందు వేసింది వేసినట్టు కాదు, ఎందుకంటే ఏ కుక్కకి వేశారో గుర్తు లేదు కదా! మళ్లీ టీకా వేయించాం. వేశాక 30 రోజులు ఆగి రక్తం తీశారు, యాంటీబాడీల పరీక్షకి. ఇండియా నుంచి వెళ్లే కుక్కలకి అది తప్పనిసరి. రక్తం తీసిన రోజు నుంచి ఇంకో మూడు నెలలు ఆగాలి. మా ఆవిడ ముందు వెళ్లిపోయింది, నేనూ బీగిలూ ఇక్కడ మ్యాగీ తింటూ మిగిలాం.

చిప్ వేసిన క్లినిక్ వాళ్లని అంటే, "మీరు ఫారిన్ అని చెప్పలేదు కదా సార్" అన్నారు. నిజమే, చెప్పలేదు. అప్పటికి మాకే తెలీదు.

అమెరికాకి కూడా 2024 ఆగస్టు 1 నుంచి రూల్స్ గట్టిగా చేశారు. కుక్కకి ఆరు నెలలు నిండాలి, చిప్ ఉండాలి, అది రేబిస్ టీకా కంటే ముందే ఉండాలి. మన పిల్లల్లో సగం మంది ఎప్పుడో ఒకప్పుడు విమానం ఎక్కేవాళ్లే. కాబట్టి ముందు చిప్, ఆ తర్వాతే రేబిస్ టీకా. రాసి ఫ్రిజ్ మీద అంటించుకోండి.

ఇంకో సరదా సంగతి. మ్యూనిక్‌లో వెట్ మా వాడి మెడకి ఎడమ పక్కన రీడర్ పెట్టి, ఏమీ రాక, చిప్ లేదేమో అన్నట్టు చూశాడు. యూరప్ ఖండంలో అక్కడ వేస్తారట. భుజాల మధ్యకి జరిపితే టక్కున పలికింది.

కాకినాడ_కాజా
మంగళవారం, మధ్యాహ్నం 1:30

అందరికీ చాలా థ్యాంక్సండి. క్లినిక్‌కి ఫోన్ చేసి ఈ వారం రాలేమని చెప్పేశాను. "అయితే ఆఫర్ పోతుంది" అన్నారు. పోతే పోనీ.

డాక్టర్ బాబాయ్ గారూ, పిడికెడు గురించే నా భయం. మిగతావి తోసేసి తినేస్తున్నాయి. మినీ చిప్ అయినా దీనికి ప్రమాదమా? ఏమవుతుందో ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

బీవీఎస్సీ_బాబాయ్
మంగళవారం, సాయంత్రం 6:10

ఉన్నది ఉన్నట్టు అడిగారు కాబట్టి చెప్తాను, చదివి కంగారుపడొద్దు.

చిప్ వల్ల వచ్చే తకరార్లలో ఎక్కువ చిన్నవే. చిప్ ఉన్న చోటు నుంచి భుజం మీదికో, మోచేతి వైపో జారడం. వేసిన రంధ్రం గుండానే బయటికి వచ్చేయడం. రెండు రోజులుండే చిన్న బొడిపె. శుభ్రత లేకపోతే చీము. వీటివల్ల ప్రాణం మీదికి రాదు.

పెద్దది, బహు అరుదైనది ఒకటుంది. చిప్ చర్మం కింద ఆగకుండా లోతుగా దిగి వెన్నులోకి వెళ్లిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. వాటిలో చిన్న ఒళ్లున్న కుక్కలూ, పిల్లికూనలూ ఉన్నాయి. పెద్ద లాబ్రడార్‌కి చర్మం నుంచి వెన్నెముక దాకా దిండు లాంటి కండ ఉంటుంది. 850 గ్రాముల పిల్లకి ఏముంది? పల్చటి తోలు, దాని కింద వెంటనే ఎముక. సూది లోపల ఉన్న క్షణంలో ఎగిరి గంతేస్తే మొన ఎటు పోతుందో చెప్పలేం. పట్టుకోవడం గురించీ వాలు గురించీ నిన్న అంత సాగదీసింది ఇందుకే.

కాబట్టి పిడికెడుకి తొందరేం లేదు. దాన్ని తల్లి దగ్గరో, విడిగా గిన్నెలోనో మీరు దగ్గరుండి తినిపించండి. పన్నెండు, పదమూడు వారాలకి రేబిస్ టీకాకి తెస్తారు కదా, ఆ రోజే ముందు మినీ చిప్, తర్వాత టీకా. గజం గారి వరస కూడా తప్పదు.

కొందరు సహోద్యోగులు చిప్, టీకా ఒకే రోజు వద్దంటారు, జ్వరమో వాపో వస్తే దేనివల్లో తెలీదని. నేను రెండూ వేస్తాను, కాకపోతే ఒకే చోట కాదు. చిప్ భుజాల మధ్య, టీకా పక్కన.

వేయించిన తర్వాత ఒకటి రెండు రోజులు స్నానం వద్దు, మెడ పట్టుకుని ఎత్తొద్దు, బిగుతు బెల్టు వద్దు. వెనక కాళ్లు తడబడినా, మెడ తిప్పలేకపోయినా, ఎత్తుకుంటే కీచుమన్నా తెల్లారేదాకా ఆగకుండా చూపించండి.

మైలాపూర్_మావయ్య
మంగళవారం, రాత్రి 8:25

అమ్మా కాజా, నేను చెన్నైలో ముప్ఫై ఏళ్లుగా ఉన్న నెల్లూరు వాణ్ణి. మీ తమ్ముడు ఊరికే తొందరపెట్టాడు. ఇక్కడ కార్పొరేషన్ 2025లో పెంపుడు కుక్కల లైసెన్స్‌కి చిప్ ముడిపెట్టిన మాట నిజమే. మా అపార్ట్‌మెంట్‌లో అందరం వేయించాం. కానీ లైసెన్స్‌కి రేబిస్ టీకా సర్టిఫికెట్ కూడా అడుగుతారు. ఆ టీకా మూడు నెలలకి గానీ వేయరు. అలాంటప్పుడు ఆరు వారాల పిల్లకి ఇవాళే చిప్ వేసి ఏం చేసుకుంటారు? పిల్లని తెచ్చుకున్నాక ఇక్కడే వేయించుకోమను. లేదా తొమ్మిది పది వారాలకి నువ్వు వేయించి పంపు. రెండూ సరే.

గజం_కాని_గజం
మంగళవారం, రాత్రి 8:40

అసలు మన దేశంలోనూ 8 వారాలు నిండని పిల్లని అమ్మకూడదు కదా? 2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నియమాల్లో ఉంది. అమ్మే పిల్లకి చిప్ కూడా ఉండాలి. ఎవడు పాటిస్తున్నాడు అంటే అది వేరే కథ. ఆదివారం సంతలో కళ్లు కూడా సరిగ్గా తెరవని పిల్లల్ని అట్టపెట్టెల్లో పెట్టి అమ్ముతారు.

వైజాగ్_వీధిఅత్త
బుధవారం, ఉదయం 6:30

మీరంతా చిప్ వేయడం గురించి మాట్లాడుతున్నారు, నేను చిప్ చదివే వైపు నుంచి చెప్తాను. మేం నలుగురం తప్పిపోయిన కుక్కల్ని చూసుకుంటాం. చందా వేసుకుని ఒక రీడర్ కొన్నాం.

పోయిన ఏడాది ఆర్కే బీచ్ దగ్గర ఒక ముసలి లాబ్రడార్ దొరికింది. భుజాల మధ్య రీడర్ పెడితే ఏమీ లేదు. ఇంకొకళ్లయితే చిప్ లేదని వదిలేసేవాళ్లు. నేను నెమ్మదిగా భుజాలు, పక్కలు, ఛాతీ, ముందుకాళ్ల దాకా పాములా తిప్పుకుంటూ వెళ్తే ఎడమ మోచేతి దగ్గర పలికింది! అందరం చప్పట్లు కొట్టాం. 15 అంకెలు రాసుకున్నాం. ఆ తర్వాతే అసలు కష్టం. ఆ నంబరు ఎవరి దగ్గర ఉంది? మన దేశంలో అందరూ ఒకేచోట వెతికే ఉమ్మడి జాబితా లేదు. చిప్ అమ్మిన కంపెనీకి ఒక వెబ్‌సైట్, ఇంకో కంపెనీకి ఇంకోటి. మొదటి మూడు అంకెలు చూస్తే దేశం కోడో, కంపెనీ కోడో తెలుస్తుంది, మనదైతే 356. మా లాబ్‌ది 9తో మొదలైంది, అంటే కంపెనీ. రెండు రోజులు వెతికి ఆ కంపెనీని పట్టుకుంటే, వాళ్ల జాబితాలో ఆ నంబరు ఎదురుగా ఖాళీ. చిప్ వేశారు, స్టిక్కర్ పుస్తకంలో అంటించారు, నమోదు మాత్రం ఎవరూ చేయలేదు.

చివరికి ఏం పనిచేసిందో తెలుసా? మెడ బెల్టు లోపలివైపు పెన్నుతో రాసిన ఫోన్ నంబరు, సగం చెరిగిపోయింది. చివరి రెండు అంకెలు ఊహించి పదకొండు మందికి ఫోన్ చేశాం.

అందుకే చిప్ వేయించినా బెల్టుకి నంబరు రాసిన బిళ్ల తీసేయకండి. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఒకసారి రీడర్ పెట్టమనండి. ఇనుప బల్ల మీద పడుకోబెట్టి చదివితే ఒక్కోసారి పలకదు, కింద దింపి చదవమనండి.

తింగరి_టామీ
బుధవారం, ఉదయం 9:00

పదకొండు మందిలో ఒకడు మా బావమరిదేమో. "ఎవరో నా కుక్క దొరికిందని ఫోన్ చేశారు, నాకు కుక్కే లేదు" అని తెగ బాధపడ్డాడు ఆ మధ్య.

కాకినాడ_కాజా
నాలుగు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 8:15

ఏమైందో చెప్పకపోతే పాపం కాబట్టి మళ్లీ వచ్చానండి.

వేరే డాక్టరమ్మ దొరికారు. మినీ చిప్‌లు తెప్పించారు. పోయిన సోమవారం, దాదాపు పది వారాలకి, నలుగురికి వేశారు. ఒకదాని మెడకి ఎర్ర దారం, ఒకదానికి పచ్చ దారం, ఇలా కట్టి తీసుకెళ్లాను, కలిసిపోకుండా. ముందు చదివి, వేసి, మళ్లీ చదివి, నా చేత కూడా అంకెలు పైకి చదివించారు. నాలుగూ ఒక్కోసారే అరిచాయి. నేను రెండుసార్లు.

ఇక అసలు సంగతి. మర్నాడు పొద్దున గోనెపట్టా దులుపుతుంటే ఒక బియ్యపుగింజ కనిపించింది. చీపురుతో ఊడ్చేయబోయి, బియ్యం అయితే మెరవదు కదా అని చేతిలోకి తీసుకుంటే గాజు! బూందీ అని పచ్చ దారం పిల్ల మెడ దగ్గర వెంట్రుకలు తడిగా ఉన్నాయి. రాత్రంతా తోబుట్టువులు నాకాయో, పీకాయో. డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాను. చదివితే బూందీ ఖాళీ, మిగతా మూడూ పలికాయి.

బీవీఎస్సీ_బాబాయ్
ఆదివారం, రాత్రి 8:50

చూసి మంచి పని చేశారు. పల్చటి చర్మంలో రంధ్రం మూసుకునేలోపే ఇలా జరుగుతుంటుంది, డాక్టరమ్మ తప్పూ కాదు, మీ తప్పూ కాదు. బయటికి వచ్చిన చిప్‌ని కడిగి మళ్లీ వేయమని మాత్రం అడగకండి, అడిగేవాళ్లున్నారు. గాయం మానాక కొత్తది వేయిస్తారు. పాత నంబరు నమోదులోంచి తీసేయించండి, లేకపోతే రేపు బూందీకి రెండు నంబర్లు. ఈసారి వేశాక మొదటి రాత్రి దాన్ని విడిగా పడుకోబెట్టండి.

కాకినాడ_కాజా
ఆదివారం, రాత్రి 9:05

డాక్టరమ్మ కూడా అచ్చం అదే అన్నారు బాబాయ్ గారూ. పిడికెడు ఇప్పుడు కిలో నాలుగు వందలు. దానికీ, బూందీకీ ఒకేసారి, రేబిస్ టీకా రోజున, చిప్ ముందు. ఫ్రిజ్ మీద అంటించాను గజం గారూ! మిగతా మూడింటికీ టీకా ఆ రోజే. తమ్ముడి రెండు పిల్లలూ అది అయ్యాకే రైలెక్కుతాయి. చిప్ నంబర్ల స్టిక్కర్లు ఒక సెట్ టీకాల పుస్తకంలో, ఒక సెట్ బీరువాలో.

వైజాగ్_వీధిఅత్త
ఆదివారం, రాత్రి 9:20

అన్నీ బాగున్నాయి తల్లీ. చెన్నై వెళ్లే పిల్లల నమోదులో ఎవరి ఫోన్ నంబరు రాశారు?

కాకినాడ_కాజా
ఆదివారం, రాత్రి 9:23

అయ్యో. నాదే రాశానండి. రేపు పొద్దున్నే తమ్ముడి నంబరు ఎక్కించమంటాను.